పద్నాలుగో రోజు పొద్దున మొదలయ్యే దుఃఖం

చావు జరిగిన ఇంట్లో మొదటి పది పన్నెండు రోజులు ఎవరికీ ఊపిరాడదు. పొయ్యి వెలిగించకూడదు కాబట్టి పక్కింటివాళ్ళో చుట్టాలో క్యారియర్లు తెస్తారు, టెంట్ అతను కుర్చీల లెక్క అడుగుతాడు, కార్డులు కొట్టించాలి, ఫోటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించాలి, అస్థికలు గోదావరిలోనా కృష్ణలోనా అని ఒక చర్చ, పైగా వచ్చిన ప్రతి ఒక్కరికీ కథ మొదటి నుంచీ చెప్పాలి, రాత్రి బానే అన్నం తిన్నాడు, తెల్లారగట్ల నాలుగింటికి ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడు, ఆటో పిలిచేలోపే... అని. ఇరవైసార్లు చెప్పాక ఆ కథ నోటికి వచ్చేస్తుంది, ఎవరికో జరిగినట్టు చెప్పేస్తుంటారు. తర్వాత దినం అయిపోతుంది. టెంట్ తీసేస్తారు, ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు బస్సులెక్కుతారు, పిల్లలకి లీవులు అయిపోతాయి. మర్నాడు పొద్దున్నే పాలతను గేటు దగ్గర నిలబడి మెల్లగా అడుగుతాడు, "అమ్మా, ఇక నుంచి ఒక ప్యాకెట్ చాలా, రెండూ వెయ్యాలా?" అని. అప్పటిదాకా అంతా తట్టుకున్న మనిషి అక్కడ కూలబడిపోతుంది.

చాలామంది విషయంలో అసలు దుఃఖం మొదలయ్యేది ఆ పూటే. మనవాళ్ళు మాత్రం సరిగ్గా ఆ పూటే మనిషిని ఒంటరిగా వదిలేసి వెళ్ళిపోతున్నారు. ఈ తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, మాట్లాడాల్సింది మాత్రం ఇదే.

మన పద్ధతులు దండగ అనడం లేదు ఇక్కడ. నిజం చెప్పాలంటే పాతకాలం వాళ్ళు దుఃఖం గురించి చాలా తెలిసినవాళ్ళు. కాకికి పిండం పెట్టే సీను ఒక్కటి తీసుకోండి. విస్తరి పెట్టి అందరూ దూరంగా జరిగి నిలబడతారు. కాకి రాదు. వచ్చినా గోడ మీద కూర్చుని చూస్తుంది తప్ప ముట్టదు. ఎండ నడినెత్తి మీద, అందరికీ ఆకలి, ఎవరో పెద్దావిడ అంటుంది, "ఏ దిగులు పెట్టుకుని పోయాడో ఏమో, మాటివ్వండిరా" అని. అప్పుడు కొడుకు, పది రోజులుగా ఒక్క చుక్క కన్నీరు పెట్టనివాడు, దండం పెట్టి గట్టిగా అంటాడు, "నాన్నా, చెల్లి పెళ్ళి నేను చేస్తా, అమ్మని నేను చూసుకుంటా, నువ్వేం దిగులు పడకు" అని. ఆ మాటతో గొంతు పూడుకుపోతుంది, అక్కడే భోరుమంటాడు. కాసేపటికి కాకి ఎలాగూ వాలుతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో కేథరిన్ షియర్ అనే సైకియాట్రిస్టు ఎన్నేళ్ళైనా తగ్గని దుఃఖం కోసం 16 సెషన్ల చికిత్స ఒకటి తయారుచేశారు, అందులో ఒక భాగం ఏంటంటే పోయిన మనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని, చెప్పకుండా మిగిలిపోయిన మాటలు వాళ్ళతో చెప్పడం. కాకి కోసం నిలబడ్డ కొడుకు చేసిందీ దాదాపు అదే కదా, కాకపోతే ఫీజు లేకుండా, ఊరందరి ముందు.

నిద్ర చేయించడం కూడా అలాంటిదే. దినం అయ్యాక దగ్గరి చుట్టాలు ఆ ఇంటివాళ్ళని తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టుకుని పంపిస్తారు. ముస్లిం ఇళ్ళల్లో భర్త పోయినామెకి ఇద్దత్ అని నాలుగు నెలల పది రోజుల సంతాప గడువు ఉంటుంది, క్రైస్తవుల ఇళ్ళల్లో ఆదరణ కూడికలు పెట్టుకుంటారు. హిందూ ఆచారంలో ఏడాది పొడుగునా నెలనెలా మాసికం ఉండేది, ఆ తర్వాత సంవత్సరీకం. అంటే కనీసం నెలకోసారి నలుగురూ ఆ ఇంట్లో చేరి, పోయిన మనిషి పేరు ఎత్తి, ఆయనకి ఇష్టమైన కూర వండుకుని తిని వెళ్ళేవాళ్ళు. ఇప్పుడేమైంది? ఒకరు బెంగళూరులో ఉంటారు, ఒకరు డల్లాస్‌లో, ఎవరికీ సెలవు లేదు, అందుకని పన్నెండో రోజునే మాసికాలన్నీ కలిపి కానిచ్చేస్తున్నారు చాలామంది. తప్పు పట్టడానికి లేదు, ఉద్యోగాలు అలాంటివి, కానీ ఏడాది మొత్తం పరుచుకోవాల్సిన తోడు అంతా పన్నెండు రోజుల్లోకి కుదించేశాం. ఏడాది పట్టే దుఃఖం మాత్రం పన్నెండు రోజులకి కుదించుకుపోదు కదా.

దుఃఖానికి ఐదు మెట్లు ఉంటాయని వాట్సాప్‌లో ఫార్వర్డులు తిరుగుతుంటాయి, ముందు నమ్మకపోవడం, తర్వాత కోపం, తర్వాత దేవుడితో బేరం, తర్వాత కుంగుబాటు, చివరికి ఒప్పుకోవడం అని. దీని మూలం ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టర్ 1969లో రాసిన పుస్తకం. కానీ ఆమె అది రాసింది చావుకి దగ్గరపడ్డ పేషెంట్లతో మాట్లాడి, వాళ్ళ మనసులో ఏం జరుగుతుందో చెప్పడానికి. వెనక మిగిలిపోయినవాళ్ళకి దాన్ని అంటించింది తర్వాత. ఈ మెట్లు ఇలా వరసగా రావాలనేం లేదని తర్వాత ఆమే చెప్పారు. అయినా ఆ లిస్టు ఎంతగా పాకిందంటే, "నాకు కోపం రాలేదే, నేను నిజంగా మా ఆయన్ని ప్రేమించలేదా" అని బాధపడేవాళ్ళు ఉన్నారు, "ఇప్పటికి ఏడు నెలలైంది, ఇంకా ఒప్పుకోలేకపోతున్నా, నాలోనే ఏదో లోపం ఉంది" అనుకునేవాళ్ళు ఉన్నారు. ఎవరికీ అలా మెట్లు ఎక్కినట్టు జరగదు. సోమవారం బాగుంటారు, మంగళవారం కూరగాయల మార్కెట్లో ఆయన ఇష్టంగా తినే చామదుంపలు కనపడితే సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేస్తారు.

దీన్ని బాగా పట్టుకున్నది నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు, 1999లో. వాళ్ళు చెప్పింది సింపుల్‌గా ఇదీ: మనిషి పోయాక రెండు పనులు మీద పడతాయి. ఒకటి ఏడవడం, గుర్తు చేసుకోవడం, ఆ లోటుని లోటుగా అనుభవించడం. రెండోది బతుకు నడపడం, అంటే ఆయన కట్టే కరెంటు బిల్లు ఇప్పుడు తను కట్టడం నేర్చుకోవాలి, ఆమె చేసే పప్పు ఇప్పుడు తను వండుకోవాలి. ఆరోగ్యంగా దుఃఖపడే మనిషి ఈ రెండిటి మధ్యా అటూ ఇటూ తిరుగుతుంటాడు, కాసేపు ఇందులో, కాసేపు అందులో. ఇరవై నాలుగు గంటలూ ఏడుపులోనే ఉన్నా కష్టం, అసలు ఏడవకుండా పనుల్లో పడిపోయినా కష్టం. ఇది తెలిస్తే ఒక పెద్ద భారం దిగుతుంది, ఎందుకంటే మన దగ్గర చాలామందిని లోపల తినేసేది మొదటిసారి నవ్వినప్పుడు పుట్టే తప్పు చేసిన ఫీలింగ్. మూడో నెలలో మనవడి చేష్టకో, టీవీలో ఏదో జోక్‌కో పక్కున నవ్వొచ్చేస్తుంది, వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు, ఎవరైనా చూశారేమో అని. ఆ నవ్వుకి సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ కాసేపు మనసు రెస్ట్ తీసుకుంది, అంతే, మళ్ళీ ఏడవడానికి ఓపిక కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఇంకో మాట బాగా వినపడుతుంది, "మర్చిపో, ముందుకెళ్ళు" అని. సైకాలజీలో కూడా చాలా కాలం ఇదే మాట నడిచింది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో రాసిన వ్యాసంలో, పోయిన మనిషి మీద పెట్టుకున్న మమకారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కోవడమే దుఃఖం చేసే పని అన్నాడు. మూడేళ్ళకే, 1920లో, ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజా వచ్చి చనిపోయింది. 1929లో, బతికుంటే ఆమెకి ముప్పై ఆరు నిండే రోజున, కొడుకుని పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి ఆయన రాసిన ఉత్తరం ఉంది. ఇలాంటి నష్టం తర్వాత తీవ్రంగా ఉండే దుఃఖం ఎప్పటికో తగ్గుతుంది గానీ ఊరట మాత్రం ఉండదని, ఆ ఖాళీలోకి ఇంకేది వచ్చినా అది వేరేదే అవుతుందని, అలా ఉండటమే సరైనదని, మనం వదులుకోలేని ప్రేమ నిలబడేది అలాగేనని అందులో రాశాడు. తెంపుకోవడమే పని అన్న మనిషి, కూతురి పుట్టినరోజు తొమ్మిదేళ్ళ తర్వాత కూడా లెక్కపెట్టుకుని రాసిన మాటలు ఇవి. 1996 తర్వాత పరిశోధనలు కూడా ఇటే తిరిగాయి, బంధం తెగాల్సిన అవసరం లేదు, రూపం మారితే చాలు అని. మన ఇళ్ళల్లో ఇది ఎవరూ చెప్పకుండానే జరుగుతోంది, గోడ మీద ఫోటోకి పరీక్ష హాల్ టికెట్ చూపించి వెళ్ళే పిల్లల్ని చూడండి.

ఒంటి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దుఃఖం మనసులోనే ఉంటుందని అనుకుంటాం. జపాన్ డాక్టర్లు 1990లో ఒక గుండె జబ్బు గురించి రాశారు, టాకోత్సుబో అని. అంటే వాళ్ళ భాషలో ఆక్టోపస్‌ని పట్టే కుండ. పెద్ద షాక్ తగిలినప్పుడు గుండెలో ఒక భాగం ఉబ్బి ఆ కుండ ఆకారంలోకి వస్తుంది, నొప్పి అచ్చం హార్ట్ ఎటాక్ లాగే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం అడ్డు కనపడదు. ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్ళకి వస్తుంది, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. ఇది కాక అసలు హార్ట్ ఎటాక్ ముప్పు కూడా దగ్గరివాళ్ళు పోయిన మొదటి రోజు మామూలు కంటే చాలా రెట్లు పెరుగుతుందని 2012లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీ చెప్పింది. గుండె పగిలింది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాబట్టి శవం ఇంట్లో ఉన్నప్పుడు బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళ పక్కన ఒకరు కూర్చుని, టైమ్‌కి మాత్ర వేయించి, నాలుగు గుక్కల మజ్జిగైనా తాగించడం అన్నిటికంటే ముఖ్యమైన పని. ఛాతీలో నొప్పి అంటే మాత్రం, ఏడ్చి ఏడ్చి అలా ఉందిలే అనుకోకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి.

అదే టైమ్‌లో జరిగే ఇంకో పని, "బాగా ఏడుస్తోంది, ఒక నిద్ర ఇంజెక్షన్ ఇప్పించండి" అనడం. మంచి మనసుతోనే అంటారు, చూడలేక. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో, వేరే మానసిక జబ్బేమీ లేకుండా కేవలం మనిషి పోయిన బాధలో ఉన్నవాళ్ళకి ఈ రకం మత్తు మందులు ఇవ్వొద్దని స్పష్టంగా ఉంది. అలవాటు పడే ప్రమాదం ఒకటి, రెండోది ఆఖరి చూపు కూడా మత్తులోనే గడిచిపోతుంది, తర్వాత "నేను ఆయన్ని సరిగ్గా చూసుకోనేలేదు, నాకేమీ గుర్తులేదు" అన్న బాధ ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏడవనివ్వాలి. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే చాలు.

ఆఖరి చూపు దొరకనివాళ్ళ దుఃఖం ఇంకో రకం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో మనిషి పోతే పెట్టె శంషాబాద్‌లో దిగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఇంట్లో అప్పటిదాకా ఏడవాలో ఎదురుచూడాలో తెలీదు, తీరా వచ్చాక కూడా ఎక్కువసేపు పెట్టె తెరిచి ఉంచొద్దంటారు. అటు అమెరికాలో ఉన్న కొడుకు వీసా ఇబ్బంది వల్ల రాలేక తల్లి దహనం వీడియో కాల్‌లో చూస్తాడు, మధ్యలో నెట్ కట్ అవుతుంది, మళ్ళీ కలిపేసరికి అయిపోయుంటుంది, పక్క గదిలో పిల్లలకి స్కూల్ టైమ్. 2020, 2021లో కోవిడ్ వార్డుల నుంచి కవర్లో చుట్టి ఇచ్చినవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే కథ. ఇలాంటివాళ్ళకి "అయిపోయింది" అన్నది మనసుకి అందదు. వాళ్ళకి పనికొచ్చేది ఏంటంటే, ఆలస్యమైనా సరే ఒక వీడ్కోలు పెట్టుకోవడం. ఏడాది తర్వాత ఊరికి వచ్చినప్పుడైనా ఆ ఘాట్ దగ్గరికి వెళ్ళి కూర్చోవడం, ఆ రోజు దగ్గర ఉన్నవాళ్ళ చేత జరిగినదంతా మొదటి నుంచి చెప్పించుకోవడం, అమ్మ ఆఖర్న ఏం మాట్లాడింది, ఏ చీర కట్టారు, ఎవరెవరు వచ్చారు. చిన్న చిన్న వివరాలే మనసుకి రుజువు. చెప్తే వీళ్ళు బాధపడతారేమో అని ఎవరూ చెప్పరు, వీళ్ళేమో అడగడానికి మొహమాటపడతారు, అలా ఏళ్ళు గడిచిపోతాయి.

భర్త పోయిన ఆడమనిషి సంగతికి వస్తే మన పద్ధతులని మెచ్చుకోవడం ఆపేయాల్సిందే. పదో రోజు చీకట్లో కూర్చోబెట్టి నిండా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, చేతులనిండా గాజులు వేసి, వెంటనే అవన్నీ చెరిపేసి పగలగొట్టడం ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో జరుగుతోంది. ఆమె దుఃఖానికి ఇది చేసే మేలు ఒక్కటీ లేదు, మనిషి పోయిన బాధకి తోడు తను కూడా మనుషుల్లోంచి తీసేయబడ్డాను అన్న బాధ కలుస్తుంది. తర్వాత సొంత కూతురి పెళ్ళిలో వెనక వరసలో నిలబడటం, శుభకార్యానికి ఎదురు రాకూడదని కిటికీ పక్కకి జరగడం. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్ 11న. అంటే దాదాపు నూట నలభై అయిదేళ్ళు. ఇంకా గాజుల దగ్గరే ఉన్నాం. 2022 మేలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హెర్వాడ్ అనే ఊరు గ్రామసభ పెట్టి మరీ ఈ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంచడం మాకొద్దని తీర్మానం చేసింది, అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలని కూడా ఇలా చేయమని సర్క్యులర్ ఇచ్చింది. మన ఊళ్ళల్లో తీర్మానం దాకా పోకపోయినా, ఆ రోజు ఆమె కొడుకో, తోడికోడలో "ఇది వద్దు" అని ఒక్క మాట గట్టిగా అంటే ఆగిపోతుంది. ఆమె నోరు తెరిచి అనలేదు, ఆ పరిస్థితిలో ఉండదు.

మగవాళ్ళకి ఇంకో శిక్ష. "నువ్వే ఇలా అయిపోతే ఇంట్లో ఆడవాళ్ళని ఎవరు చూస్తారు" అని మొదటి గంటలోనే నోరు కట్టేస్తారు. డెబ్భై ఏళ్ళ పెద్దాయన, యాభై ఏళ్ళు పక్కనున్న భార్య పోతే, మాత్రల డబ్బా ఎక్కడుందో తెలీదు, స్టవ్ వెలిగించడం రాదు, ఎవరినైనా అడగాలంటే నామోషీ. ఆయన రోజూ సాయంత్రం వెళ్ళే రచ్చబండో, వాకింగ్ బ్యాచో మానేశాడంటే దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. పిల్లల విషయంలో మాత్రం ఒక్కటే గట్టిగా చెప్పాలి, అబద్ధం చెప్పొద్దు. "తాతయ్య నిద్రపోతున్నాడు" అంటే ఆ పిల్లాడికి రాత్రి నిద్రపోవాలంటే భయం పట్టుకుంటుంది, "ఊరెళ్ళాడు" అంటే ఫోన్ మోగినప్పుడల్లా పరిగెడతాడు, "దేవుడు తీసుకెళ్ళాడు" అంటే అమ్మని కూడా తీసుకెళ్తాడేమో అని గుడికి రానంటాడు. చనిపోయాడు, ఆయన ఒళ్ళు పని చేయడం ఆగిపోయింది, మళ్ళీ రాడు, దీనికి నువ్వేం కారణం కాదు. అయిదేళ్ళ లోపు పిల్లలు ఇది విన్న తర్వాత కూడా మర్నాడు మళ్ళీ "తాతయ్య ఎప్పుడొస్తాడు" అని అడుగుతారు, మళ్ళీ అంతే ఓపికగా చెప్పాలి.

చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేయాలి అన్నదానికి పెద్ద సైన్స్ అక్కర్లేదు. "ఏదైనా అవసరమైతే చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "శనివారం పదింటికి వస్తాను, బ్యాంకుకి కలిసి వెళ్దాం" అంటే అది సాయం. ఎందుకంటే ఆ తర్వాత వచ్చే కాగితాల పని అంతా ఇంతా కాదు. మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి, సర్టిఫికెట్ కాపీలు ఎన్ని తీసుకున్నా చాలవు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకి తిరగాలి, పెన్షన్, ఇన్సూరెన్స్, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు. ప్రతి కౌంటర్ దగ్గరా మళ్ళీ "ఆయన లేరండీ" అని చెప్పుకోవాలి. ఓటీపీలన్నీ ఆ పోయిన మనిషి ఫోన్‌కే వస్తాయి, అందుకని ఆ ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఉంచుతారు, ఆ ఫోన్‌కి ఇంకా గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు వస్తుంటాయి తెలీనివాళ్ళ దగ్గర్నుంచి. ఒక చిన్న సలహా, ఆ ఫోన్ రీసెట్ చేసి ఎవరికో ఇచ్చేయకముందే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వేరేచోట సేవ్ చేసుకోండి. "వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురా" అన్న ఎనిమిది సెకన్ల ముక్క అయినా సరే, ఫోటోలు ఎన్నున్నా గొంతు మళ్ళీ దొరకదు.

ఇక పోయిన మనిషి పేరు ఎత్తడానికి భయపడకండి. గుర్తు చేస్తే ఏడుస్తారేమో అని అందరూ ఆ పేరు తప్పించి మాట్లాడతారు, వాళ్ళు ఎలాగూ మర్చిపోలేదు, మనం గుర్తు చేయాల్సినంత. "మీ అన్నయ్య మా పెళ్ళిలో వడ్డన మొత్తం ఒక్కడే చేశాడు, ఆ రోజు చొక్కా మీద సాంబారు పడితే నా చొక్కా వేసుకున్నాడు" అని ఎవరైనా చెప్తే ఆ చెల్లెలి మొహం చూడండి. కన్నీళ్ళు వస్తాయి, నిజమే, కానీ తనకి తెలీని అన్నయ్య ముక్క ఒకటి కొత్తగా దొరికింది ఆమెకి. "ఆయుష్షు అంతే రాసిపెట్టుంది", "నీకింకా ఇద్దరు పిల్లలున్నారు కదా" లాంటి మాటలు మాత్రం ఎంత మంచిగా అన్నా గుచ్చుకుంటాయి.

తప్పు నాదే అన్న ఆలోచన గురించి చెప్పకుండా వదిలేయలేం. "ఆ రోజే పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళుంటే", "బండి మీద వెళ్ళొద్దని ఆపుంటే". జరిగిపోయాక చూస్తే దారి అంతా క్లియర్‌గా కనపడుతుంది, ఆ నిమిషంలో అది గ్యాస్ నొప్పి లాగానే ఉంది, అప్పుడు తెలిసినంతలోనే నిర్ణయం తీసుకున్నారు. మంచంలో ఉన్నవాళ్ళకి మూడేళ్ళు సేవ చేసినవాళ్ళకి ఇంకో రకం తప్పు భావం ఉంటుంది, పోయిన రోజు లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించినందుకు. ఆ హమ్మయ్య అలసటది, ప్రేమ లేకపోవడం కాదు. ఇది వాళ్ళకి ఎవరో ఒకరు నోటితో చెప్పాలి, వాళ్ళంతట వాళ్ళు ఒప్పుకోరు.

ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే, మనుషుల తోడుతో, నెమ్మదిగా నిలదొక్కుకుంటారు. కానీ సుమారు పదిమందిలో ఒకరికి అది తగ్గదు. ఏడాది దాటినా రోజులో ఎక్కువసేపు అదే తలపోత, తనలో సగం తెగిపోయినట్టు, ఎవరినీ నమ్మబుద్ధి కాకపోవడం, ఆ గది తలుపు తీయలేకపోవడం, బతుక్కి అర్థం లేదనిపించడం. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీర్ఘకాల దుఃఖ రుగ్మతగా చేర్చారు, అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో ఆరు నెలలు దాటినా తగ్గకపోతే అని గడువు పెట్టారు, అమెరికా సైకియాట్రిస్టులు పెద్దవాళ్ళకి ఏడాది అన్నారు. పిల్లలు పోయినప్పుడు, ఆత్మహత్య, యాక్సిడెంట్ లాంటి హఠాత్తు చావుల్లో ఈ ముప్పు ఎక్కువ. దీనికి పేరు పెట్టడం అంటే ప్రేమకి జబ్బు అని ముద్ర వేయడం కాదు, సాయం చేయగలిగిన మనుషులు ఉన్నారని చెప్పడం. ఇక "నేనూ ఆయన దగ్గరికే వెళ్ళిపోతా" అన్న మాట వస్తే దాన్ని శోకంలో అన్నదిలే అని వదిలేయొద్దు, నిజంగా అలాంటి ఆలోచన ఉందా అని నేరుగా అడగాలి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ, ఒంటరిగా వదలకూడదు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆశ అన్న మాట ఇక్కడ జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే మొదటి నెలల్లో ఆ మాట వినడమే కోపం తెప్పిస్తుంది. అది పెద్ద వెలుగులాగా రాదు. ఒకరోజు కూరలో ఉప్పు తగ్గిందని తెలుస్తుంది, అంటే నాలుక్కి మళ్ళీ రుచి వచ్చింది. ఎండిపోయిన మందారం కుండీకి నీళ్ళు పోయాలనిపిస్తుంది. పక్కింట్లో చావు జరిగితే అందరికంటే ముందు ఆమే వెళ్ళి, ఏం మాట్లాడకుండా కూర్చుంటుంది, ఎందుకంటే ఆ ఇంట్లో పద్నాలుగో రోజు ఎలా ఉండబోతోందో ఆమెకి తెలుసు, సరిగ్గా ఆ రోజుకే క్యారియర్ పట్టుకుని మళ్ళీ వెళ్తుంది.

తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యే రోజే పెత్రమాస, పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి, సాయంత్రం పూలు పేర్చుకుని ఆడబోతారు, ఏడుపూ ఆటా ఒకే రోజులో. కోస్తాలో చాలా ఇళ్ళల్లో సంక్రాంతికి పోయినవాళ్ళ ఫోటో ముందు కొత్త బట్టలు పెడతారు. మొదటి ఏడాది ఆ బట్టలు కొనడానికి షాపుకి వెళ్తుంది తల్లి, కొడుకుని వెంటేసుకుని. షాపులో కుర్రాడు "సైజు ఎంతమ్మా" అంటాడు. ఆమె ఆయన సైజు నలభై రెండు అని చెప్పబోయి ఆగుతుంది, ఆ చొక్కా పూజ అయ్యాక ఎలాగూ ఇంట్లోవాళ్ళే వేసుకోవాలి కదా. కొడుకు వైపు ఒకసారి చూసి, భుజాల మీద చెయ్యి వేసి కొలిచి, "వీడికి పట్టేది ఇవ్వు బాబూ" అంటుంది. వాడికి కూడా నలభై రెండే సరిపోయింది.